పసుపుతాడుకు సంజాయిషీ

చేతులు కనీసం ఇరవై సెకన్లు కడుక్కోవాలని ఆ తినుబండారాల ఫ్యాక్టరీ గోడ మీద ఆరు భాషల్లో రాసి ఉంటుంది. వాసంతి ముప్పై సెకన్లు కడుగుతుంది. మోచేతుల దాకా నురగ పట్టించి, గోళ్ల సందుల్లో బ్రష్షు తిప్పి, వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని తోముతుంది. ర్యాపులు చుట్టడానికి వెళ్తున్నావా, గుండె ఆపరేషన్ చేయడానికా అని పక్క కుళాయి దగ్గర లూర్దెస్ ఎనిమిదేళ్లుగా అడుగుతున్న ప్రశ్నే మళ్లీ అడుగుతుంది. లూర్దెస్‌ది ఫిలిప్పీన్స్. ఎడమ చేతి వేలికి సన్నటి బంగారు ఉంగరం ఒక్కటే ఆమె నగ. రాయి లేని పెళ్లి ఉంగరం తప్ప మరే నగా లోపలికి రాకూడదని అక్కడి రూలు.

మతానికి సంబంధించినవేవైనా ఒంటి మీద ఉంటే దానికి వేరే దారి ఉంది. ఏడాదికోసారి ఫారం నింపి, క్వాలిటీ మేనేజర్ చేత సంతకం పెట్టించుకోవాలి. ఆ వస్తువు మీద నీలం టేపు అంటించి, తెల్లకోటు మెడ దాకా బిగించుకుంటే సరిపోతుంది. ప్యాకింగులో ఉన్న సర్దార్జీ కడియం, సలాడ్ లైనులో ఇద్దరు తమిళావిడల తాళిబొట్లు, మూడో లైనును నడిపించే లీడ్ వాసంతి పుస్తెలు ఆ ఫైలులోనే ఉన్నాయి. పాత మేనేజరు తెల్లాయన. అవేమిటో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఏటా నాలుగు కాగితాల మీద నాలుగు సంతకాలు గీకి, రిటైరై వెళ్లిపోయాడు.

ఆయన స్థానంలో ఫిబ్రవరిలో నిశాంత్ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, విజయవాడ కుర్రాడు, పనిలో గట్టివాడు. మనవాడు మేనేజరుగా వచ్చాడని వాసంతి సంతోషపడింది. ఆ సంతోషంలో కొంచెం తొందరపడిందని ఏప్రిల్ మొదటి మంగళవారం తెలిసింది.

ఆ రోజు టీ బ్రేకులో నిశాంత్ ఆమెను తన అద్దాల గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించి, తలుపు మూసి, లేని దుమ్ము తుడుస్తున్నట్టు బల్ల మీద చెయ్యి తిప్పాడు. అతని ముందు ఈ ఏడాదికి వాసంతి పెట్టిన ఫారం ఉంది. 'పెళ్లయిన హిందూ స్త్రీలు ధరించే పవిత్ర చిహ్నం' అని కారణం దగ్గర ఉంది. ఎనిమిదేళ్ల కిందట రాసిన ఆ మాటనే ఆమె ఏటా ఎత్తి రాస్తోంది.

"ఆంటీ, ఏమీ అనుకోకండి. మొన్న ఉగాది ఫంక్షన్‌లో అంకుల్ పేరు మీద పిల్లలకు చెస్ ప్రైజ్ ఇచ్చారు కదా, నేనూ ఉన్నాను అక్కడ" అన్నాడు నిశాంత్.

"అవును. కేశవరావు గారి జ్ఞాపకార్థం. మూడేళ్లయింది పోయి."

"అదే ఆంటీ." అతను ఫారం వైపే చూశాడు గాని ఆమె మెడ వైపు చూడలేదు. "మరి ఇందులో ఇలా ఉంది."

తర్వాతది అతను చాలా మర్యాదగానే చెప్పాడు. సోమవారం ఆడిట్ ఉంది. ఆడిటర్లు ఈ ఫైలు తిరగేస్తారు. తెలియనివాడు సంతకం పెడితే అది వేరు. మన ఆచారం తెలిసి ఉండి, కాగితం మీద ఉన్నది నిజం కాదని కూడా తెలిసి తాను సంతకం పెట్టలేడు. అందుకని మూడు దారులున్నాయి. సోమవారం లోపు తీసేయడం ఒకటి. ఆహారం తెరిచి ఉండని గోడౌన్ వైపు మారిపోయి, లీడ్ పని వదులుకుని అట్టపెట్టెలు సర్దుకోవడం రెండోది. ఉంచుకోవడానికి కారణమేమిటో రాతపూర్వకంగా, గుడి పెద్ద ఒకరి ఉత్తరంతో సహా ఇవ్వడం మూడోది. శుక్రవారం హెచ్.ఆర్. నుంచి హీథర్ కూడా కూర్చుంటుంది.

వాసంతికి ఒళ్లు మండింది. మన ఆచారాల ఊసే తెలియని తెల్లాయన ఎనిమిదేళ్లు కళ్లు మూసుకుని సంతకం పెట్టాడు. మనవాడు కాబట్టే ఇతను పట్టుకున్నాడు. అయినా ఆమె నోరు జారలేదు. సరే బాబూ అని లేచి, వెళ్లి మళ్లీ చేతులు కడుక్కుని లైను మీదికి వచ్చింది. గంటగంటకీ చేసే పరీక్ష అప్పటికి పది నిమిషాలు ఆలస్యమైంది. ఇనుము, ఇత్తడి, స్టీలు ముక్కలు పొదిగిన మూడు ప్లాస్టిక్ కర్రలను ఒకదాని తర్వాత ఒకటి మెటల్ డిటెక్టర్ గుండా పంపింది. మూడుసార్లూ బెల్టు ఆగి, ఎర్రదీపం వెలిగింది. షీటు మీద మూడు టిక్కులు పెట్టింది. ఆ యంత్రానికి ఇనుమైతే చాలు, ఎవరి ఇనుమో అక్కర్లేదు.

భోజనాల వేళ విషయం విన్న లూర్దెస్ తన వేలి ఉంగరం అటూ ఇటూ తిప్పుకుంది. ఆమె మొగుడు పోయి ఆరేళ్లు. ఈ ఉంగరం ఇంకా ఎందుకు పెట్టుకున్నావని ఈ ఫ్యాక్టరీలో గాని, చర్చిలో గాని, మనీలాలో గాని ఒక్కరూ తనను అడగలేదని చెప్పింది. ఎందుకడుగుతారు అని కూడా ఆశ్చర్యపోయింది. ఎందుకు అడుగుతారో ఆమెకు చెప్పడానికి వాసంతికి ఇంగ్లీషు చాల్లేదు. ఇంగ్లీషు చాలినా ఓపిక చాలేది కాదు.

బుధవారం షిఫ్టు కాగానే ఆమె బస్సెక్కి దక్షిణామూర్తి గారింటికి వెళ్లింది. ఆయన రిటైరైన ఫిజిక్స్ ప్రొఫెసరు. గుడి కమిటీకి పెద్ద. పన్నెండో అంతస్తులో ఉంటారు. వాళ్లుండే స్కార్‌బరోలో తెలుగువాళ్లకు గృహప్రవేశం ముహూర్తం కావాలన్నా, వీసా ఆఫీసుకు ఉత్తరం కావాలన్నా ఆయన లెటర్‌హెడ్డే దిక్కు. ఆయన భార్య చాముండేశ్వరి గారు తలుపు తీసి, బూట్లు విప్పక ముందే తిన్నావా అని అడిగింది.

దక్షిణామూర్తి గారు అంతా విన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. ఆయన మంచివారు. మంచివారైనందువల్లే సాయం చేయబోయి మొత్తానికే ముంచేలా ఉన్నారు. ఎందుకంటే ఆయన అప్పటికప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని రాసిన ఉత్తరం ఇలా ఉంది: మంగళసూత్రం హిందూ స్త్రీకి ప్రాణసమానమనీ, వివాహమైనది మొదలు భర్త జీవించి ఉన్నంతకాలం క్షణమైనా విడువరాదనీ శాస్త్రం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

"భర్త జీవించి ఉన్నంతకాలం అని రాశారు మాస్టారూ" అంది వాసంతి.

"శాస్త్రం అంతే కదమ్మా." ఆయన ఇబ్బందిగా కదిలారు. "పోనీ ఆ ముక్క తీసేస్తాను. విడువరాదు అని ఆపేస్తాను. కేశవరావు సంగతి మనం ఎత్తం. అందులో అబద్ధం లేదు."

వాసంతి ఆ ఉత్తరాన్ని మరోసారి చదివింది. అది చేతికొస్తే గండం గడుస్తుంది. కాని కేశవరావు సంగతి ఎత్తకుండా ఉండాలి. మూడేళ్లుగా ఫారంలో తాను చేసిందీ అదే. ఆయన పోలేదన్నట్టు పాత ముక్కే ఎత్తి రాసింది. నిశాంత్ పట్టుకున్నది ఆ తప్పునేనని ఆమెకు ఇప్పుడు తోచింది. తోచినందుకు అతని మీద కోపం తగ్గలేదు గాని, తన మీద కూడా కొంత వచ్చింది.

"వద్దు మాస్టారూ. ఆయన పోయారని ఉండాలి. పోయినా నేను ఉంచుకున్నానని ఉండాలి" అంది.

"అలా నేను రాయలేనమ్మా. నా పేరు మీద, గుడి పేరు మీద రాయలేను" అన్నారాయన. కోపంగా అనలేదు. నిజంగానే రాయలేరు.

చాముండేశ్వరి గారు లిఫ్టు దాకా వచ్చింది. కేశవరావు పోయినప్పుడు పదో రోజున పసుపూ కుంకుమా పళ్లెంలో పెట్టుకుని, నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది ఆవిడే. ఆ రోజు వాసంతి గది తలుపు గడియ వేసుకుని సాయంత్రం దాకా తీయలేదు. ఆ సంగతి ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు. లిఫ్టు వచ్చేలోపు ఆవిడ పెరుగన్నం డబ్బా వాసంతి చేతిలో పెట్టింది.

"ఆయన మాటలు అరువు తెచ్చుకోకు. నువ్వే రాసుకో" అంది. "ఆ రోజు తలుపవతల నిలబడి ఎన్ని మాటలు చెప్పానో. లోపల నువ్వేమనుకుంటున్నావో ఒక్కముక్క అడగలేదు."

గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు వాసంతి వంటింటి బల్ల మీద రూళ్ల కాగితాలు పరుచుకుని కూర్చుంది. కూతురు ప్రియ కాలేజీ నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిచి నిలబడింది. నాన్న జ్ఞాపకం అని ఒక్క లైను రాసి పడేయొచ్చు కదా, అందులో మతం ఎందుకు అని ఇంగ్లీషులో అడిగింది. అది జ్ఞాపకం కాదని వాసంతి చెప్పింది. జ్ఞాపకానికైతే ఫోటో ఉంది, చెస్ బోర్డు ఉంది, ఆయన చలికోటు ఉంది. మరేమిటని ప్రియ అడిగితే, అది తెలిస్తే ఇన్ని కాగితాలెందుకే అంది.

మొదటి కాగితంలో సనాతనం, పవిత్రం, అనాదిగా అని రాసింది. అవి గుడి మైకులో వినపడే మాటలు. చింపేసింది. రెండోదాంట్లో హక్కులు, సమానత్వం అని రాసింది. అవి టీవీలో మాటలు. అదీ చింపేసింది. మూడోదాంట్లో మా లైనులో ఒకావిడ భర్త పోయి ఆరేళ్లయినా పెళ్లి ఉంగరం పెట్టుకుంటోంది, ఆవిడను ఎవరూ ఎందుకు అడగలేదు అని రాసింది. రాశాక చదువుకుంటే దిమ్మ తిరిగే పాయింటులా కనిపించింది. దీనికి నిశాంత్ దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు.

లేచి స్టవ్ మీద టీకి నీళ్లు పెట్టింది. నిశాంత్ గట్టివాడు. రూలంటే రూలు. రేపు ఈ ముక్క చదివి అవును నిజమే అని, సోమవారం నుంచి ఎవరికీ ఉంగరాలు కూడా వద్దంటే? లూర్దెస్ ఆ వేలిని సబ్బుతో తోమి తోమి ఉంగరం లాగడం వాసంతి కళ్లకు కట్టింది. ఆమెను అడగకుండా ఆమె వేలిని తన పేచీలోకి లాగడానికి తానెవరు? టీ పొంగి స్టవ్ మీద పడింది. తుడిచి, వచ్చి ఆ పేరా మొత్తం కొట్టేసింది. ఉన్న ఒక్క పాయింటూ పోయింది. ఇక తన దగ్గర నిజం తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పుడు రాసింది గంటలో అయిపోయింది. ప్రియ దాన్ని పక్కనే కూర్చుని ఇంగ్లీషు చేసింది. మొదట రెండు మూడు చోట్ల సొగసు చేయబోయింది. తర్వాత ఏమనుకుందో, సొగసు మానేసి ఉన్నదున్నట్టు టైపు చేసింది. మధ్యలో ఒకసారి లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. ఎందుకని వాసంతి అడగలేదు.

శుక్రవారం తొమ్మిది గంటలకు ముగ్గురూ అద్దాల గదిలో కూర్చున్నారు. హీథర్‌కు తొమ్మిదిన్నరకు ఇంకో మీటింగు ఉంది. వాసంతి ఇంగ్లీషు కాగితం చేతిలోకి తీసుకుంది. దాన్ని బల్ల మీద పెట్టి, వేలితో లైను పట్టుకుంటూ చదివింది. ఆమె చదివిన దానికి తెలుగు మూలం ఇది:

'నా పేరు వాసంతి. నా మెడలో ఉన్న ఈ తాడును ఇరవై తొమ్మిదేళ్ల కిందట నా భర్త కట్టాడు. ఆయన పోయి మూడేళ్లయింది. భర్త పోయాక దీన్ని తీసేయాలని మా పెద్దలు చెబుతారు. తెలియక ఉంచుకోలేదు, తెలిసే ఉంచుకున్నాను. మూడేళ్లుగా ఫారంలో ఆ సంగతి రాయకపోవడం నా పొరపాటు. తాడు ఉంచుకోవడం పొరపాటు కాదు.

'భర్త బతికున్నాడని చెప్పడానికే ఇది ఉందని అంటారు. నేను అలా నమ్మను. పెళ్లినాడు పీటల మీద ఇద్దరం ఉన్నాం. ఆయన కట్టాడు, నేను తల వంచాను. ఆయన మాట ఆయన చివరిదాకా నిలబెట్టుకున్నాడు. నా మాట ఇంకా నడుస్తోంది. ఆయన చచ్చిపోయాడు గాని నా పెళ్లి చచ్చిపోలేదు.

'ఇది ఏ పుస్తకంలో ఉందని అడిగితే చూపలేను. గుడి పెద్దను అడిగాను, ఆయన రాయలేనన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. పొద్దున దీపం పెట్టి ఈ పుస్తెలు కళ్లకద్దుకుంటాను. దేవుడు వింటున్నాడనే నమ్ముతాను. ఆ దేవుణ్ని మోసం చేస్తున్నానని నాకెప్పుడూ అనిపించలేదు. తీసేస్తే మాత్రం, నా భర్త పోవడంలో నా తప్పేదో ఉన్నట్టు నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ తప్పు నేను చేయలేదు.

'నా నమ్మకం ఇంకొకరు నమ్మాలని అడగడం లేదు. టేపు వేసుకుంటాను, కోటు మెడదాకా బిగించుకుంటాను, శుభ్రత గురించి మీరేం చెప్పినా చేస్తాను. గోడౌన్‌కు పంపితే వెళతాను. తీసి మాత్రం వెళ్లను.'

హీథర్ కాగితం తీసుకుని తనలో తాను మరోసారి చదువుకుంది. టేపు విషయంలో గాని, శుభ్రత విషయంలో గాని ఎనిమిదేళ్లలో ఎప్పుడైనా ఫిర్యాదు ఉందా అని నిశాంత్‌ను అడిగింది. లేదన్నాడు. మరి అభ్యంతరమేమిటంది. మా సంప్రదాయంలో అని అతను మొదలుపెట్టాడు. ఆమె నెమ్మదిగానే ఆపి, కంపెనీ అడగాల్సింది ఈవిడ నిజంగా నమ్ముతోందా లేదా అన్నదొక్కటే అంది. ఆ నమ్మకం సరైనదో కాదో తేల్చే పని కంపెనీది కాదంది. గుడి ఉత్తరం అసలు అడగకూడదని కూడా చెప్పింది. ఫారం మీద పాత కారణం కొట్టేసి 'జతపరిచిన ఉత్తరం చూడండి' అని రాసి, హెచ్.ఆర్. తరఫున తనే సంతకం పెట్టి, వాచీ చూసుకుని వెళ్లిపోయింది. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది.

వాసంతికి ఏమిటో వెలితిగా అనిపించింది. మూడు రోజులు తిండి సయించలేదు. ఇంత తేలిగ్గా గట్టెక్కేదానికా అనుకుంది. కుర్చీ వెనక్కి జరిపి లేవబోయింది.

"తెలుగులో రాశారా ముందు?" అన్నాడు నిశాంత్.

రాశానంది. చూడొచ్చా అన్నాడు. ఆమె కోటు కింద జేబులోంచి మడతలు పడ్డ రూళ్ల కాగితాలు తీసి ఇచ్చింది. అతను చదివాడు. హీథర్ రెండు నిమిషాల్లో చదివినదానికి అతనికి చాలాసేపు పట్టింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. ఏ లైను దగ్గరో వాసంతికి అటువైపు నుంచి కనిపించలేదు. అద్దం అవతల మూడో లైను మీద లూర్దెస్, అయిందా లేదా అని చేత్తో సైగ చేసింది.

"మా అమ్మ వద్దంది ఆంటీ" అన్నాడు నిశాంత్.

వాసంతి మళ్లీ కూర్చుంది.

"నాన్న పోయిన పదో రోజు. నాకు పంతొమ్మిదేళ్లు. అమ్మ లోపల కూర్చుని ఎవరు చెప్పినా వినట్లేదు. నువ్వు చెబితే వింటుందిరా అని అత్తయ్యలందరూ నన్ను పంపారు." కాగితాలు బల్ల మీద పెట్టి అంచులు సరిచేశాడు. "వెళ్లి చెప్పాను. ఇది రూలమ్మా, తప్పదు అన్నాను. వింది."

ఈ నాలుగు రోజులూ అతను తన మెడ వైపు ఎందుకు చూడలేదో వాసంతికి అప్పుడు అర్థమైంది. ఇతను తనను తీయమన్నది ఆడిట్ కోసం కాదు. వాసంతి ఉంచుకోవచ్చనేదే నిజమైతే, ఆ రోజు వాళ్లమ్మ ఊరికే పోగొట్టుకున్నట్టు. పంతొమ్మిదేళ్ల కొడుకు మాట విని పోగొట్టుకున్నట్టు. అంత బరువు ఎవరు మాత్రం ఎత్తుకుంటారు? ఆమెకు అతని మీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో పోయింది. చిన్నవాడివి, నీ తప్పేముంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని అది అందరూ అనే మాట. అతనికి అదివరకే చాలామంది చెప్పి ఉంటారు.

"ఆ పుస్తెలేం చేశారు బాబూ?" అని అడిగింది.

"అమ్మ బీరువాలోనే ఉన్నాయి. కరిగించి గాజులు చేయిద్దామంటే ఒప్పుకోలేదు. నేను వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను, తీసి తుడిచి మళ్లీ పెడుతుంది."

"ఎందుకు తుడుస్తోందో ఎప్పుడైనా అడిగావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"అడుగు. ఏం చెప్పినా సరే, నువ్వేమీ చెప్పకు. విను."

అతను గోడ గడియారం చూశాడు. విజయవాడలో రాత్రి ఏడు కావస్తుంటుందని, అమ్మ టీవీ పెట్టుకుని కూర్చుని ఉంటుందని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత ఫోన్ తీశాడు. అవతల రెండు రింగులకే ఎత్తారు. ఈ వేళప్పుడు చేశావేంరా, ఒంట్లో బాగానే ఉందా అని ఒక ఆడగొంతు గట్టిగా అడగడం వాసంతికి కూడా వినపడింది.

"అమ్మా" అన్నాడు నిశాంత్. కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాడు.

వాసంతి చప్పుడు కాకుండా బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.